రాకుమారిగా పుట్టింటే బాగుండునా? పెనుకొండ నుంచి వచ్చినప్పట్నుంచి ఇంట్లో ఇదే కొట్లాట

పెన్న_ఒడ్డు_మనిషి (అనంతపురం):

మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ పెనుకొండ పోయింటిమి. విజయనగర రాజుల మేడ గగన్ మహల్ కాడ మా పాప, ఆరో తరగతి, అడిగింది, నాన్నా ఇక్కడ రాకుమారి ఉంటే ఆడుకునేకి బయటికి పంపిస్తాండ్రా అని. నేను నోరు తెరిచే లోపల మా ఆమె అందుకునింది. పంపకపోతే ఏం పోయింది, అంట్లు తోమే పని లేదు, నీళ్ళ ట్యాంకరు కాడ బిందె పెట్టుకోని నిలబడే పని లేదు, ఆ జన్మ నాకు రాకపాయె అనింది. నేను ఊరికే ఉండకుండా, వాళ్ళు మనుషుల కింద లెక్క కాదు, ఒప్పందం కాగితం మీద కొట్టే ముద్రలు అన్నా. అంతే. పెనుకొండ నుంచి అనంతపురం దాకా ఇదే, పాప వెనక సీట్లో నిద్రపోయింది గానీ మా వాదన నిద్రపోలే.

నా మాట ఏందంటే, మన విజయనగరం కథే చూడండి. 1406లో మొదటి దేవరాయలు బహమనీ సుల్తాను ఫిరోజ్ షా చేతిలో ఓడిపోయి కూతుర్నిచ్చి పెండ్లి చేసినాడని ఫెరిస్తా అనే పారసీక చరిత్రకారుడు రాసినాడు. కూతురితో పాటు బంకాపురం కోట, మణుగుల లెక్కన ముత్యాలు, యాభై ఏనుగులు. పెండ్లికొడుకు ఊర్లేకి వచ్చేటప్పుడు దారంతా జలతారు బట్టలు పరిచినారంట, తిరిగి పోయేటప్పుడు దేవరాయలు పూర్తిగా సాగనంపకుండా నడిమధ్యలో మళ్ళుకున్నాడంట, దానికి అల్లునికి కోపమొచ్చిందంట. ఇంత వివరంగా రాసినాయన ఆ పిల్ల పేరు రాయలే. ఏనుగుల లెక్క ఉండాది, పిల్ల పేరు లేదు. పోనీ ఆ పెండ్లితో కొట్లాటలు ఆగిపాయెనా అంటే అదీ లేదు, 1420 నాటికి పానగల్లు కాడ మళ్ళా తలకాయలు పగలగొట్టుకున్నారు, ఈసారి అల్లుడే ఓడిపోయినాడు.

మీరే తేల్చండప్పా. రాకుమారి బతుకు మామూలు ఆడోళ్ళ బతుకు కంటే మేలా కాదా. ఊరికే సినిమా డైలాగులు కొట్టాకండి, ఉదాహరణ పెట్టి మాట్లాడండి.

ఉగ్గాని_బజ్జీ (కర్నూలు):

అన్నా నువ్వు ఫెరిస్తాని చదివినావు, వదిన ట్యాంకరు కాడ నిలబడింది. ఎవరి మాటకి బలమెక్కువో నేను చెప్పాల్నా. నా ఓటు వదినకే.

సంగటి_ముద్ద (పత్తికొండ):

వదిన చెప్పిందే కరెక్టు. మా అవ్వ, వాళ్ళ అవ్వ చెప్పిన ధాత కరువు కథలు చెప్తాంటే మాకు అన్నం దిగేది కాదు. 1876, 77, 78, మన సీమ అంతా ఆ కరువులో మట్టి కొట్టుకపోయింది. కడుపు మాడి కలబంద గడ్డలు, కంప కాయలు ఉడకబెట్టుకోని తిన్నారంట, ఆడోళ్ళు చంకలో బిడ్డని పెట్టుకోని గంజి కోసం ఎండలో రాళ్ళు కొట్టినారంట. ఏ రాకుమారి అయినా కరువులో ఆకలితో సచ్చిందని ఎక్కడన్నా చదివినారా ఎవరైనా? బంగారు పంజరం బంగారు పంజరం అంటారు, పంజరంలో పొద్దున్నే గింజలు ఏస్తారు కదా సామీ, బయట ఉన్న పిట్టకి ఎవడేస్తాడు.

పేరు రాయలేదు అని బాధపడతాండావు అన్నా, రాళ్ళు కొట్టిన ఆడోళ్ళ పేర్లు ఎవరు రాసినారు?

టీచరమ్మ_ఆదోని (కర్నూలు జిల్లా):

సోషల్ చెప్పే దాన్ని, ఊరుకోలేక వచ్చినా. అన్నా మీరు చూసొచ్చిన ఆ మేడ కథే ఒక పెండ్లి కథ, తెలుసా?

అహ్మద్‌నగర్, బీజాపూర్ సుల్తానులిద్దరికీ షోలాపూర్ కోట మీద ఎప్పుడూ తగువే. విజయనగరం అళియ రామరాయలు వీళ్ళని ఒకరి మీదికి ఒకర్ని ఎగదోస్తా ఆట ఆడించినాడు. చివరికి వీళ్ళకి బుద్ధొచ్చి కుండమార్పిడి పెండ్లి పెట్టుకున్నారు. అహ్మద్‌నగర్ హుసేన్ నిజాం షా కూతురు చాంద్ బీబీని బీజాపూర్ అలీ ఆదిల్ షాకిచ్చినారు, ఆయన చెల్లెల్ని హుసేన్ కొడుక్కి చేసుకున్నారు, తగువులో ఉన్న షోలాపూర్ కోట చాంద్ బీబీ కట్నం కింద రాసేసినారు. తగువు తీరిపాయె. అల్లుడు మామ ఒకటైనారు, గోల్కొండ, బీదర్ కలిసినాయి, 1565 జనవరి 23న తళ్ళికోట యుద్ధం, రామరాయల తల తెగింది, ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఉన్న ఖజానా ఏనుగుల మీదికెక్కించుకోని మన పెనుకొండకొచ్చి రాజధాని పెట్టినాడు. ఆ రెండు పెండ్లిళ్ళు జరక్కపోయింటే పెనుకొండకి రాజధాని యోగం పట్టేదో లేదో.

అయితే కథ అక్కడితో ఆపితే చాంద్ బీబీ ముద్రే, మీరు అన్నట్లు. కానీ ఆమె తర్వాత ఏం చేసిందో చూడండి. 1580లో భర్త హత్యకి గురైతే తొమ్మిదేండ్ల పిల్లోడు ఇబ్రహీం పేరు మీద బీజాపూర్ పాలన చూసుకునింది. ఒక సర్దారు ఆమెని పట్టుకపోయి సతారా కోటలో బంధించినాడు, బయటికొచ్చింది. 1595లో పుట్టినూరు అహ్మద్‌నగర్ మీదికి అక్బర్ కొడుకు మురాద్ వస్తే కోట లోపల నిలబడి కొట్లాడింది, మందుపాతరతో గోడ కూలిపోతే రాత్రికి రాత్రి కట్టించింది. చివరికి బీరార్ ఇచ్చి సంధి చేసుకుని కోట నిలబెట్టింది. 1600లో మొగలులు మళ్ళా వస్తే ఇంక మాట్లాడుకుని కాపాడుకుందాం అనింది, దానికి ద్రోహి అని పుకారు పుట్టించి సొంత కోటలో సొంత మనుషులే చంపినారు. దీన్ని మేలు అంటారా కీడు అంటారా? నేను పిల్లలకి చెప్పేటప్పుడు కూడా ఇక్కడ ఆగిపోతా.

ఇంకొకటి. అళియ అంటే కన్నడంలో అల్లుడు. రామరాయలికి అధికారం వచ్చిందే కృష్ణదేవరాయల అల్లుడైనందుకు. అల్లుడు అనే మాట ఆయన పేరు ముందర ఐదువందల ఏండ్ల నుంచి ఉండాది, ఆ కూతురు పేరు తిరుమలాంబ అని మా క్లాసులో ఒక్కరికీ తెలీదు.

గుత్తి_బురుజు (గుత్తి):

అందరూ ఆడపిల్లల గురించే ఏడుస్తాండారు. రాజుల కొడుకుల గురించి ఎవరూ మాట్లాడరే. షాజహాన్‌కి నలుగురు కొడుకులు, దారా తల 1659లో తెగింది, మురాద్‌ని 1661లో చంపినారు, షుజా బర్మా పక్క ఆరకాన్‌కి పారిపోయి అక్కడే ఏమైనాడో అయిపోయినాడు. కూతుర్లు జహనారా, రోషనారా ఇద్దరూ మంచం మీదే పోయినారు. మన విజయనగరంలో అచ్యుతరాయలు పోయినాక ఆయన చిన్న కొడుకు వెంకటపతిని చంపింది ఎవరనుకుంటాండారు, సొంత మేనమామ సలకం తిరుమల. జహంగీర్ కొడుకు ఖుస్రోకి కండ్లు పోయినాయి, ఎవరు పొడిపిచ్చినారు, కన్న తండ్రే. రాజు ఇంట్లో మొగోడిగా పుడితే తల మీద కత్తి, ఆడపిల్లగా పుడితే మెడలో తాళి. నన్ను అడిగితే తాళే నయం.

ఏఎన్ఎం_అక్క (ప్రొద్దుటూరు):

తాళే నయం అన్న అన్నకి ఒక దండం. ఏ కాన్పు వార్డు బయటన్నా ఒక్క రాత్రి కూసుంటివా నాయనా?

నేను ఇరవై రెండేండ్లుగా ఇదే పని చేచ్చాండా కాబట్టి నాకు తెలిసింది చెప్తా. కత్తి మొగోళ్ళకే ఉన్నిందంటివే, ఆడోళ్ళకి కాన్పే కత్తి, దానికి రాణి లేదు కూలి లేదు. ఇంగ్లండులో షార్లెట్ రాకుమారి అని, రాజ్యానికి వారసురాలు, 1817లో రెండు రోజులు పైగా నొప్పులు పడి పడి బిడ్డ సచ్చి పుట్టినాడు, కొన్ని గంటలకి ఆమె కూడా పోయింది, వయసు 21. దేశంలోకెల్లా పెద్ద డాక్టర్లు పక్కనే ఉండినారు, మూడు నెలలకి ఆ కాన్పు చూసిన డాక్టరు పిస్తోలుతో కాల్చుకుని సచ్చిపోయినాడు. మన ముంతాజ్ మహల్, ఆమె రాజు కూతురు కాదు గానీ రాజు పెండ్లాము, 1631లో పద్నాలుగో కాన్పులో బుర్హాన్‌పూర్‌లో పోయింది. పద్నాలుగు! మా సబ్‌సెంటర్‌లో నాలుగో కాన్పు అంటేనే రెడ్ మార్కు పెట్టి వెంటబడతాం మేము. పనిమనిషిని పెట్టుకోవచ్చు, వంటమనిషిని పెట్టుకోవచ్చు, నొప్పులు పడేకి ఇంకొకర్ని పెట్టుకోలేరు కదబ్బా. పైగా రాకుమారికి ఇంకో బాధ, కొడుకే కావల్ల, అదీ తొందరగా కావల్ల, లేకపోతే పుట్టింటోళ్ళ రాజకీయమంతా గంగలో కలిసిపోతాది.

హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రి అందరికీ తెలుసు, పేరు ఎవరిదో తెలుసా. టర్కీ ఒట్టోమన్ వంశం రాకుమారి, రాజ్యం పోయి ఫ్రాన్సులో తలదాచుకున్న కుటుంబం, 1931లో నైస్ పట్నంలో పదైదేండ్ల పిల్లని నిజాం రెండో కొడుక్కి ఇచ్చి చేసినారు, అదే రోజు ఆమె బంధువు దుర్రుషెహ్వార్‌ని పెద్ద కొడుక్కి. నీలోఫర్‌కి పిల్లలు పుట్టలే. ఆమె దగ్గర పనిచేసే రఫత్ అనే ఆమె కాన్పులో సచ్చిపోతే తట్టుకోలేక ఆడోళ్ళకి పిల్లలకి ఆసుపత్రి ఉండాలని పట్టుబట్టింది. ఇప్పటికీ మన కడప నుంచి గూడా పసిపిల్లల్ని ఎత్తుకోని ఆడికి పోతాండారు. రఫత్ పేరు కూడా ఈడ రాసినా చూడండి, పనిమనిషి పేరు.

వల్లూరు_పిల్లోడు (కడప):

అక్కా సూపర్. ఇంగ మా ఊరి ముచ్చట ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

రుద్రమదేవి గురించి ఎవరూ ఎత్తలే ఏంది? గణపతిదేవుడు కూతుర్ని కొడుకు మాదిరి పెంచి, శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మొగోని పేరుతో చెక్కించినాడు. అంటే ఆ కాలంలో రాజకుమార్తె రాజు కావల్లంటే ముందు కాగితం మీద కొడుకు కావల్ల. ఆమె మీద తిరగబడింది ఎవరు? మా వల్లూరు నుంచి ఏలిన కాయస్థ అంబదేవుడు. గండికోట కూడా ఆయన చేతిలోనే ఉండె. ఎనభై ఏండ్లు దగ్గర పడిన ఆమె ఆయన మీదికి దండెత్తిందని, ఆ పోరులోనే సచ్చిపోయిందని చరిత్రకారులు అనుకుంటాండారు, 1289 చందుపట్ల శాసనంలో ఆమె పోయిన సంగతి ఉండాది. మా ఊరోడు చేసిన పనికి సంతోషపడాల్నో సిగ్గుపడాల్నో తెలీక చిన్నప్పట్నుంచి కొట్టుకుంటాండా.

కానీ నాకు అసలు కష్టమనిపించేది అది కాదు. రుద్రమకి కూతుర్లే. పెద్ద కూతురు ముమ్మడమ్మ. మరి రుద్రమ రాజ్యం ఎవరికిచ్చింది? ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రునికి, మనమణ్ణి దత్తత తీసుకోని. తండ్రి నీకిచ్చినాడు కదా తల్లీ, నీ కూతురికి ఎందుకియ్యలేదు? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పేవాడు దొరికితే మా ఇంట్లో వేట కోసి అన్నం పెడతా.

గుత్తి_బురుజు:

జవాబు సులువు. రుద్రమ తనకి జరిగింది చూసింది. ఆడదని సామంతులు తిరగబడినారు, బతుకంతా గుర్రం మీదే పోయింది. కూతురికి ఆ నరకం ఏంటికి అనుకునింటాది. వేట ఎప్పుడు?

వల్లూరు_పిల్లోడు:

అది నీ ఊహ. ఊహకి కోడి కూడా కోయను.

కోట_తాళం (కర్నూలు):

ఇదంతా ఎందుకప్పా, సింపుల్. మన రాజులు ఆడపిల్లల్ని దేవతల్లా చూసుకున్నారు, ఈ ముద్రలు, ఒప్పందాలు అంతా సుల్తానులొచ్చినాకే

మోడరేటర్:

మతం మీదికి పోతే థ్రెడ్డు మూసేస్తా. రాజుల గురించి మాట్లాడండి, ఇప్పటి మనుషుల గురించి కాదు.

టీచరమ్మ_ఆదోని:

మూయాకండి సార్, దీనికి జవాబు ఉండాది, మతం లేకుండానే చెప్తా.

ఉదయపూర్ కృష్ణకుమారి. మేవాడ్ రాణా భీంసింగ్ కూతురు. జోధ్‌పూర్ రాజుకి కుదిరిచ్చినారు, ఆయన పోయినాడు. జైపూర్ జగత్‌సింగ్‌కి కుదిరిచ్చినారు. జోధ్‌పూర్ గద్దెనెక్కిన మాన్‌సింగ్, మా సింహాసనానికి నిశ్చయమైన పిల్ల కాబట్టి నాకే ఇయ్యల్ల అన్నాడు. పిల్ల ఒకటి, రాజులిద్దరు, యుద్ధం. మధ్యలో మరాఠా సర్దార్లు, పిండారీలు చొరబడి అందిన కాడికి దోచుకున్నారు. చివరికి 1810లో ఇంట్లోవాళ్ళే ఆ పిల్లకి విషం తాగిపిచ్చినారు, పదహారేండ్లు. పెండ్లి చేస్తే ఒకనికి కోపం, చేయకపోతే ఇద్దరికీ కోపం, పిల్లే లేకపోతే పంచాయితీ లేదు, ఇదీ లెక్క. ఇందులో ఏ సుల్తానూ లేడు నాయనా.

కృష్ణదేవరాయలు కూడా ఒడిశా గజపతితో ఏండ్ల తరబడి యుద్ధం చేసి చివర్లో ఆయన కూతుర్ని పెండ్లాడినాడు, అదీ సంధిలో భాగమే. ఆమె పేరు ఒక పుస్తకంలో అన్నపూర్ణ, ఒకదాంట్లో తుక్కాదేవి, ఇంకోదాంట్లో జగన్మోహిని. ఆ యుద్ధంలో ఉదయగిరి కోట ఎప్పుడు పడింది అంటే అందరూ 1514 అని ఠక్కున చెప్తారు.

ఉగ్గాని_బజ్జీ:

సీరియస్ అయిపోయినారు అందరూ, ఒక నవ్వులాట చెప్తా. ఈజిప్టు ఫారోలు తెలివైనోళ్ళు. అందరి కూతుర్లనీ పెండ్లాడేటోళ్ళు, వాళ్ళ కూతుర్ని మాత్రం బయటోనికి ఇయ్యరు. మూడో అమెన్‌హోటెప్‌ని బాబిలోన్ రాజు పిల్లనియ్యమని అడిగితే, మా వంశంలో పుట్టిన పిల్లని ఎప్పుడూ ఎవరికీ ఇయ్యలేదు పో అన్నాడు. బాబిలోనాయన ఏం తగ్గలే, సరే ఎవరో ఒక అందమైన ఆమెని పంపు, ఈమె రాజు కూతురు కాదని నా ఊర్లో ఎవడు చెప్పొచ్చినాడు అని తిరిగి రాసినాడు. మట్టి పలకల మీద రాసిన ఆ ఉత్తరం మూడువేల మూడువందల ఏండ్ల నాటిది, ఇప్పటికీ ఉండాది. అంటే కావల్సింది పిల్ల కాదు, పిల్ల ముందర ఉండే బోర్డు.

పెన్న_ఒడ్డు_మనిషి:

బజ్జీ తమ్ముడూ, నా మాటే నువ్వు చెప్తాండావు, మళ్ళా ఓటు మా ఆమెకేస్తివి!

నాకు ఇంకోటి గుర్తొచ్చింది. బొంబాయి. పోర్చుగల్ రాకుమారి కేథరిన్‌ని ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కిస్తా 1661 ఒప్పందంలో బొంబాయి దీవి కట్నం కింద ఇచ్చినారు. ఆయప్పకి అంత దూరం దీవి ఏం చేసుకోవాల్నో తెలీక 1668లో ఈస్టిండియా కంపెనీకి బాడిగకిచ్చినాడు, ఏడాదికి పది పౌన్లు. ఆ రాణి బొంబాయి కంటితో కూడా చూడలే, ఆమెకి నిలిచిన పిల్లల్లేరు, మొగుడికి బయట ఎంతమందో. మేడలో పుట్టిన ఆమెకి మిగిలింది ఏంది చెప్పండి.

ఉగ్గాని_బజ్జీ:

అన్నా బొంబాయి సంగతి పక్కన పెట్టు, 1800లో నిజాం మన కడప, అనంతపురం, బళ్ళారి, కర్నూలులో కొంత ఎత్తి కంపెనీ చేతిలో పెట్టలేదా, సైన్యం ఖర్చులకి. దత్త మండలాలు అనిపిచ్చుకున్నాం కదా. మనల్ని అడిగి ఇచ్చినాడా. మనమందరం రాకుమార్తెలమే, కాకపోతే మేడ లేదు అంతే 😄

టీచరమ్మ_ఆదోని:

నవ్వు ఆగలేదు. కానీ తమ్ముడు తమాషాగా అన్నదాంట్లోనే నాకు పాయింటు దొరికింది, రాత్రంతా ఆలోచించి రాస్తాండా.

షోలాపూర్, బొంబాయి, బంకాపురం, ఇవన్నీ పిల్లతో పాటు పోయిన భూములు. పిల్లకి ఇచ్చినవి కావు. తండ్రి చేతిలో నుంచి అల్లుని చేతికి. పిల్ల మధ్యలో వాహనం. అదే పిల్ల పేరు మీద ఉంటే కథ ఎట్ల మారుతాదో జహనారాని చూడండి. ముంతాజ్ పోయినప్పుడు ఆమె సొంత ఆస్తి కోటి రూపాయల పైన, దాంట్లో సగం పదిహేడేండ్ల జహనారాకి, మిగతా సగం తక్కిన పిల్లలందరికీ. తర్వాత సూరత్ రేవు ఆదాయం కూడా ఆమెకే. సొంతంగా ఓడలు నడిపి వ్యాపారం చేసింది. ఆగ్రా జామా మసీదు ఆమె డబ్బుతో లేచింది, ఢిల్లీ చాందినీ చౌక్ ఆమె వేయించిన బజారే. పెండ్లి లేదు నిజమే. తండ్రిని ఔరంగజేబు బంధిస్తే ఎనిమిదేండ్లు తండ్రి దగ్గరే ఉండిపోయింది, తండ్రి పోయినాక అదే ఔరంగజేబు ఆమెకి మళ్ళా పెద్ద బేగం హోదా ఇచ్చి గౌరవంగా చూసుకున్నాడు. దారా పక్షాన నిలబడిన అక్కని! చేతిలో ఆస్తి, మాటకి విలువ ఉన్న మనిషిని ఎవరూ అంత సులువుగా తోసెయ్యలేరు.

అందుకే నాకు వరమా శాపమా అనే ప్రశ్నే తప్పు అనిపిస్తాంది. ఆమె పేరు మీద ఏం ఉండాది అని అడగాల.

గుత్తి_బురుజు:

టీచరమ్మా ఈ పాయింటు బాగుంది గానీ పూర్తిగా ఒప్పుకోను. ఔరంగజేబు కూతురు జెబున్నీసాకి ఏం తక్కువ, ఏడాదికి నాలుగు లక్షలు వచ్చేది. తండ్రి మీద తిరగబడిన తమ్మునికి ఉత్తరాలు రాసిందని 1681లో సలీంగఢ్ కోటలో పెట్టినాడు, ఆ నాలుగు లక్షలూ నిలిపేసినాడు, ఆస్తి అంతా జప్తు. ఇరవై ఏండ్లకి పైన అక్కడే ఉండి అక్కడే పోయింది. ఇచ్చినోడు వెనక్కి తీసుకునే ఆస్తి ఆస్తి ఎట్లయితాది.

ఏఎన్ఎం_అక్క:

గుత్తి అన్న మొదటిసారి మంచి మాట చెప్పినాడు. రిజిస్ట్రేషన్ లేని ఆస్తి అది.

మన కాడ పసుపుకుంకుమ కింద ఆడబిడ్డకి రెండెకరాలు ఇచ్చేది ఉండాది కదా, పాత కాలంలో అంతా నోటి మాటే. మా అమ్మకి మా తాత అట్ల ఎకరన్నర ఇచ్చినాడు, తాత పోయినాక మా మామలు ఎప్పుడిచ్చినాడు, ఎవరు చూసినారు అనేసినారు. రామారావు 1986లో ఆడపిల్లలకి వాటా చట్టం తెచ్చినప్పుడు మా అమ్మ ఎంత సంతోషపడిందో, తీరా అడిగితే అప్పటికే పెండ్లైనోళ్ళకి వర్తించదన్నారు. అమ్మకి 1974లోనే పెండ్లయింది. రాకుమారి కాదు, నాపరాయి గనిలో పనిచేసిన కూలి. కానీ కథ అదే కదా.

సంగటి_ముద్ద:

అక్కా నీ కథకి మనసు కలుక్కుమనింది. నేను వదిన పక్షమే, కానీ కొంచెం జరిగినా.

గజపతి కూతురి గురించి టీచరమ్మ సగమే చెప్పింది, మిగతా సగం మా వైపు చెప్పుకునే కథ. రాయలవారు ఆమెని దూరం పెట్టినారంట, ఆమె వచ్చి కంభంలో ఉండిపోయిందంట, గుండ్లకమ్మకి అడ్డంగా రెండు కొండల నడుమ కట్ట కట్టించి చెరువు చేయించిందంట. కంభం 1970 దాకా మన కర్నూలు జిల్లానే, తర్వాత ప్రకాశంలో కలిపినారు. శాసనం చూపించమంటే నా దగ్గర లేదు, ఊర్లో చెప్పుకునేది చెప్తాండా. మా అత్తగారూరు ఆ పక్కనే, ఆ నీళ్ళతో పండిన వడ్లు తిన్నా. మొగుడు దూరం పెట్టిన ఆమె కట్టించిందో లేదో గానీ, కట్టించింది ఆమే అని అన్ని ఊర్లూ నమ్ముతాండాయి అంటే దాంట్లో ఏదో ఉండాది.

ఉగ్గాని_బజ్జీ:

ఇప్పటి సంగతి ఒకటి. జపాన్ రాకుమారి మాకో 2021లో కాలేజీలో పరిచయమైన మామూలు అబ్బాయిని చేసుకునింది. అక్కడ రూలు, ఆడపిల్ల బయటోణ్ణి చేసుకుంటే రాజకుటుంబం నుంచి పేరు తీసేస్తారు, మొగపిల్లోడు చేసుకుంటే ఏం లేదు. పోయేటప్పుడు ఇచ్చే పెద్ద మొత్తం కూడా వద్దనేసి అమెరికా పోయింది. వదినకి చెప్పు అన్నా, మేడలో పుట్టిన ఆమె మేడ దిగి అంట్లు తోముకునేకి పోయిందని.

పెన్న_ఒడ్డు_మనిషి:

చెప్పినా. థ్రెడ్డు అంతా ఫోన్లో చదివి వినిపిచ్చినా, మాకో దాకా. వదినకి చెప్పు చెప్పు అంటిరి కదా, ఆమె అనింది ఇదీ.

రాసుకో అనింది. ‘అంట్లు ఎవరు తోమినారు అని కాదు, ఆ యమ్మకి పోయేకి దారి ఉన్నింది కాబట్టి పోయింది, కృష్ణకుమారికి ఉన్నిందా.’ సరే అన్నా. ఆ తర్వాత టీచరమ్మ పోస్టు మళ్ళా చదవమనింది. ఆమె పేరు మీద ఏం ఉండాది అనే లైను కాడ ఆపమనింది. ఆపినా.

‘మా నాయన పసుపుకుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు ఉండాయి కదా, పాస్‌బుక్కు ఎవరి పేరు మీద ఉండాది?’

నా పేరు మీద ఉండాది. పంట లోను కోసం పదకొండేండ్ల కింద మార్పిచ్చినా, అప్పుడు ఆమే సంతకం పెట్టింది, నేనేం బలవంతం చేయలే, లోను తీరినాక మళ్ళా మారుస్తాం అనుకున్నాం, లోను తీరి ఆరేండ్లయింది.

ఏఎన్ఎం_అక్క:

ఏం చెప్పినావు నాయనా మరి?

పెన్న_ఒడ్డు_మనిషి:

ఏం చెప్తా అక్కా. ఫెరిస్తా గుర్తొచ్చినాడు. అప్పుడే పాప వచ్చి, నాన్నా దేవరాయలు కూతురు పేరు ఏంది అని అడిగింది, స్కూల్లో చెప్పల్లంట.

ఉగ్గాని_బజ్జీ:

అన్నా సోమవారం సచివాలయం తెరుస్తారు. ఆధార్, పాత పాస్‌బుక్కు, వన్‌బీ (భూమి రికార్డు) జిరాక్సు తీసుకోని పో. మీ మామ రాసిచ్చిన కాగితం ఉంటే అది కూడా.

పెన్న_ఒడ్డు_మనిషి:

కాగితం ఉండాది. ఆమె బీరువాలో, పట్టుచీరల కింద. పదకొండేండ్లుగా అక్కడే పెట్టుకోనుందని నాకు నిన్ననే తెలిసింది.